మాత్ర గంటల్లో, మనసు వారాల్లో

గుండె దడ, అరచేతుల్లో చెమట, ఊపిరి ఆగిపోతుందేమోనన్న భయం. ఇంట్లోవాళ్ళు ముందు గ్యాస్ అనుకుని సోడా తాగిస్తారు. తగ్గకపోతే విశాఖలో పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి పరిగెత్తుతారు. ఈసీజీ మామూలుగానే ఉంటుంది. (ఆ పరీక్ష ముందు చేయించాల్సిందే, అందులో తప్పేమీ లేదు.) ఇలా రెండు మూడుసార్లయ్యాక డాక్టరు "సైకియాట్రిస్టుకి చూపించండి" అంటాడు. చాలామంది అక్కడే ఆగిపోతారు. విశాఖలో ఆ మాట వినగానే గుర్తొచ్చేది చినవాల్తేరు. అక్కడున్నది ప్రభుత్వ మానసిక వైద్యశాలే అయినా జనం నోట ఇంకా పిచ్చాసుపత్రే.

ఆ దడ పుట్టేది మెదడులోనే. లోపల బాదంగింజంత ఉండే అమిగ్డలా ప్రమాదాన్ని పసిగట్టగానే ఎడ్రినలిన్, కార్టిసాల్ రక్తంలోకి దూకుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు జనం తలుపులు బిగించుకుని లోపలే ఉన్నారంటే ఆ భయం చలవే. గాలీ వానా లేని రోజుల్లో కూడా ఒళ్ళు నెలల తరబడి అదే హడావుడిలో ఉండిపోతే దాన్ని ఆందోళన రుగ్మత అంటారు.

డిప్రెషన్‌లోనూ కార్టిసాల్ పాత్ర ఉంది. మామూలుగా అది తెల్లవారుజామున పెరిగి, అర్ధరాత్రికి అట్టడుగుకు పడుతుంది. హైపోథలామస్‌లో సుమారు 20,000 నాడీకణాల గుంపు వెలుతురును బట్టి ఈ లయను నడుపుతుంది. తీవ్రమైన డిప్రెషన్ ఉన్న కొందరిలో కార్టిసాల్ రాత్రి కూడా దిగదు. రాత్రి పని కూడా ఈ లయను చెదరగొడుతుంది. విశాఖ ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్లు చల్లారితే లోపలి ఇటుకలు పగుళ్ళిస్తాయి కాబట్టి సీ షిఫ్టు, అంటే రాత్రి షిఫ్టు, తప్పదు. రాత్రంతా ట్యూబులైట్ల కింద పనిచేసి ఎండలో ఇంటికొచ్చి పడుకునేవాళ్ళ మీద ఆ లయ తిరగబడుతుంది. రాత్రి షిఫ్టుల వాళ్ళలో దిగులు లక్షణాలు ఎక్కువని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. అయినా అదే షిఫ్టు చేసే పక్కవాడికి రాకపోవచ్చు. డిప్రెషన్ రావడంలో వంశపారంపర్యం వాటా సుమారు 37 శాతమని కవలల అధ్యయనాల లెక్క.

మందుల కథలో మన సర్పగంధి వేరు కూడా ఉంది. 1950లలో దాని నుంచి తీసిన రిసర్పిన్‌ను రక్తపోటుకు వాడితే కొందరు దిగులులో కూరుకుపోయారు. మెదడులో సెరటోనిన్, నారడ్రినలిన్ నిల్వలను అది ఖాళీ చేస్తుందని తేలింది. సెరటోనిన్ తగ్గితే డిప్రెషన్ అన్న సూత్రానికి ఇది బలమిచ్చింది. వినడానికి బాగుంది గానీ, 2022లో లండన్ పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే దానికి గట్టి ఆధారం కనబడలేదు.

ఆ సూత్రాన్ని అనుమానించడానికి ఇంకో కారణం మాత్రలోనే ఉంది. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మందులు నాడీకణాల మధ్య సెరటోనిన్‌ను గంటల్లోనే నిలబెడతాయి. మనిషి తేరుకోవడం మొదలవడానికి మాత్రం రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కొరతే జబ్బయితే ఇంత ఆలస్యం దేనికి? ఆ వారాల్లో కణాల గ్రాహకాలు సర్దుకుంటాయి, కొత్త అతుకులు పడతాయి అని ఇప్పటి అవగాహన. చిక్కేమిటంటే వికారం, గాభరా మొదటి వారంలోనే వస్తాయి, మేలు తర్వాత వస్తుంది. దాంతో పదో రోజుకే "ఇది పడలేదు" అని మానేస్తారు. ఆత్మహత్య ఆలోచనలు వచ్చినా, ముదిరినా మాత్రం ఆగకుండా అదేరోజు డాక్టరుకి చెప్పాలి.

ఆందోళనకిచ్చే అల్ప్రజోలామ్ అలా కాదు, వేసుకున్న గంటలోనే హాయి. అందుకే మందుల షాపులో అదే అడుగుతారు, అలవాటు పడేదీ దానికే. మాత్ర ఒక్కటే దారి కాదు. మధ్యస్థమైన డిప్రెషన్‌కు ఆలోచనల తీరును మార్చే సీబీటీ చికిత్స మందులంత పనిచేస్తుంది. ఓపిగ్గా చేసేవాళ్ళు మనదగ్గర తక్కువ, అదీ బాధ.

తేరుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు డిప్రెషన్ మందు వాడాలి. ఆ తర్వాత డాక్టరు మోతాదును మెల్లగా దించుతాడు. ఒక్కసారిగా ఆపితే తలతిరుగుడు, చిరాకు రావొచ్చు. ఆసుపత్రి గడప తొక్కడానికి జంకేవాళ్ళు 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీమానస్‌కి, 14416 నంబరుకి ఫోన్ చేయొచ్చు. ఏ వేళైనా ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.