స్కూటర్ వేగం పెంచాలనుకుంటున్నారా?

ద్వారకా నగర్ కోచింగ్ సెంటర్లకు వెళ్లే పిల్లలకు చిన్న బ్యాటరీ స్కూటర్ ఎంతో సౌకర్యం. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్న ఆమోదిత బండికి లైసెన్సు, రిజిస్ట్రేషను అక్కరలేదు. అయితే కొందరు ఆ వేగం చాలక కంట్రోలర్‌ను మార్పిస్తున్నారు. దీనివల్ల ఏమి జరుగుతుందో తల్లిదండ్రులు తెలుసుకోవాలి.

కంట్రోలర్ అంటే ఏమిటి?

బ్యాటరీకీ మోటారుకూ మధ్య ఉండే పెట్టె ఇది. మోటారుకు ఎంత కరెంటు వెళ్లాలో ఇదే నిర్ణయిస్తుంది. కరెంటు పెరిగితే లాగే బలం, వోల్టేజి పెరిగితే వేగం పెరుగుతాయి. లోపల ఉండే షంట్ అనే చిన్న లోహపు ముక్క సాయంతో కంట్రోలర్ కరెంటును కొలుచుకుంటుంది. దానిపై సోల్డర్ పోస్తే 30 ఆంపియర్లు వెళ్తున్నా 20 గానే తోస్తుంది. మధుమేహంతో పాదాల స్పర్శ పోయినవారు నిప్పు తొక్కినా గుర్తించలేరు కదా! ఇదీ అంతే.

ప్రమాదం ఎక్కడ?

కరెంటు ఒకటిన్నర రెట్లయితే తీగల్లో పుట్టే వేడి రెండుంపావు రెట్లవుతుంది. తీగల తొడుగు కరగవచ్చు, బ్యాటరీ సెల్స్ దెబ్బతినవచ్చు. వేగం రెట్టింపయితే బ్రేకు వేశాక బండి ఆగే దూరం సుమారు నాలుగు రెట్లవుతుంది. కానీ బ్రేకులు, టైర్లు పాతవే! పైగా 25 దాటిన బండి చట్టం దృష్టిలో మోటారు వాహనమే. లైసెన్సు, రిజిస్ట్రేషను, బీమా అన్నీ కావాలి.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోను, విజయవాడలోను ఇళ్లలో ఛార్జింగ్‌లో ఉన్న స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. అవి మార్పులు చేసిన బండ్లని మా ఉద్దేశం కాదు. కానీ దెబ్బతిన్న బ్యాటరీ ఇంట్లో అందరూ నిద్రపోతున్న వేళ కూడా అంటుకోవచ్చు.

మీరు చేయవలసినవి

• బండి ఎత్తు ఎక్కలేకపోతే ముందు టైర్లలో గాలి, బ్రేకు పట్టివేత, బ్యాటరీ సామర్థ్యం పరీక్షించండి.
• ఎక్కువ వేగం కావాలంటే రిజిస్ట్రేషను గల బండి కొనండి.
• పడకగదిలో, మెట్ల దారిలో ఛార్జింగ్ పెట్టకండి.
• బ్యాటరీ ఉబ్బినా, వాసన వచ్చినా వాడకండి.
• పొగ వస్తే దగ్గరకు వెళ్లకండి, అది విషపూరితం. అందరినీ బయటకు పంపి 101కి ఫోన్ చేయండి.
• కాలిన చోట 20 నిమిషాలు కుళాయి నీరు ధారగా పోయండి. పేస్టు, సిరా పూయకండి. 108కి ఫోన్ చేయండి.

క్లాసుకు పది నిమిషాలు ముందుగా బయలుదేరితే ఈ అవసరమే రాదు. ఆ మాట ఈరోజే మీ పిల్లలతో చెప్పండి.