డిజిటల్ మానవీయ శాస్త్రములు – తెలుగు శాసన పరిశోధన

ఇటీవలి కాలమున విశ్వవిద్యాలయములందు ‘డిజిటల్ మానవీయ శాస్త్రములు’ అను పేరు తఱచుగా వినవచ్చుచున్నది. భాషా సాహిత్య చరిత్రాదులను కంప్యూటరు సాయమున పరిశీలించు పద్ధతుల సముదాయమునకే ఈ పేరు. పేరు కొత్తదియైనను పని కొత్తది కాదు. ఇటలీ దేశీయుడగు రొబెర్టో బూసా అను జెస్యూట్ సన్న్యాసి 1949లో ఐ.బి.ఎం. సంస్థ తోడ్పాటును పొంది, థామస్ అక్వినాస్ రచనలకు పదసూచికను కూర్ప బూనుకొనెను. ‘డిజిటల్ హ్యుమానిటీస్’ అను నామము మాత్రము 2004లో వెలువడిన యొక వ్యాససంపుటముతో వ్యాప్తికి వచ్చినది. ఈ రంగమునందలి సంఘముల సమాఖ్య యేటేట జరుపు అంతర్జాతీయ సదస్సు 2023లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరమునను, 2025లో లిస్బన్ నగరమునను జరిగినది. మన దేశమునను 2018లో ఇట్టి సంఘ మొకటి వెలసినది.

ఈ వార్తలతో తెలుగు శాఖలకు పనియేమని యెవరైనను అడుగవచ్చును. శాసన పరిశోధనను గమనించినచో దీనికి సమాధానము లభించును. అమరావతి, నాగార్జునకొండ మొదలగు తావుల ప్రాకృత సంస్కృత శాసనముల సంకలన మొకటి ఆర్లో గ్రిఫిత్స్, విన్సెంట్ టూర్నియే అను విద్వాంసుల కృషిచే అంతర్జాలమున వెలువడినది. 2019లో యూరోపియన్ పరిశోధనా మండలి ధనసాయమున ఆరంభమైన ‘ధర్మ’ ప్రణాళికయందు వేంగీ చాళుక్యుల తామ్రశాసనములు చేరినవి. ఈ దానశాసనములు ప్రధానముగా సంస్కృత రచనలైనను, పొలిమేరలను తెల్పు భాగములందు తెలుగు పదములును, గ్రామనామములును తఱచుగా కానవచ్చును. వాని యర్థమును నిర్ణయింపవలెనన్న, తెలుగు చరిత్ర వ్యాకరణమును, ఆయా సీమల పలుకుబడిని ఎఱిగినవారి సహాయము అవసరము.

ఈ సంకలనముల విశేషము కేవలము పాఠమును టైపు చేయుటలో లేదు. గ్రంథపాఠములను యంత్రమునకు బోధపడునట్లు గుర్తించు నియమములను ఏర్పఱచుటకు 1987లో ఒక అంతర్జాతీయ యత్నము మొదలైనది. ఆ నియమములనే శాసనములకు అనువుగా మలచి ‘ఎపిడాక్’ అను పద్ధతిని కల్పించిరి. ఒక శాసనమున నాలుగక్షరములు శిథిలమైనవనుకొందము. పరిష్కర్త వానిని ఊహించి పూరించి, ముద్రిత గ్రంథమున కుండలీకరణమున చూపును. చదువరి ఆ చిహ్నమును చూచి జాగ్రత్తపడును. కాని చిహ్నములు లేక టైపు చేసిన పాఠమున, ఱాతిపై నున్న అక్షరమును పండితుడు పూరించిన అక్షరమును ఏకమై పోవును. ఒక ప్రత్యయము ఏ శతాబ్దినుండి వాడుకలో నున్నదని విచారించు విద్యార్థి, పూరణలను సైతము లెక్కించినచో, లేని ప్రయోగమును ఉన్నట్లు సిద్ధాంతీకరించును. ఎపిడాక్ పద్ధతియందు పూరణము, అస్పష్టాక్షరము, లేఖకదోషము వేర్వేరుగా గుర్తింపబడుటచే, కోరినపుడు వానిని విడిచి లెక్కింపవచ్చును.

లిపి విషయమునను ఇంతటి జాగ్రత్త వలయును. యూనికోడునందు తెలుగు లిపి 1991లోనే చేరినను, ప్రాచీన శాసనములందలి ‘చోఴ’ మున్నగు శబ్దములందు కనబడు ఴకారము 2014లో గాని చేరలేదు. నకారపొల్లు 2021లో చేరినది. అంతకు పూర్వము టైపు చేసినవారు వేఱొక అక్షరముతో సరిపెట్టుకొనక తప్పినది కాదు. అట్టి పాఠములను మూలముతో పోల్చి చూడనిదే ప్రమాణముగా గొనరాదు. శకటరేఫమును సాధురేఫముగా మార్చి వ్రాసిన పాఠమునుండి, ర-ఱ ల సాంకర్యము ఏనాటిదను ప్రశ్నకు ఎన్నటికిని సమాధానము రాదు.

ఇక పరిశోధక విద్యార్థులకు గల అవకాశములను చెప్పవలెను. పైని పేర్కొన్న సంకలనములు అంతర్జాలమున ఉచితముగా లభించును; వానిని ఫలకచ్ఛాయలతో సరిపోల్చి సవరణలను సూచింపవచ్చును. షికాగో విశ్వవిద్యాలయము అంతర్జాలమున నుంచిన నిఘంటువులలో బ్రౌను నిఘంటువును, బరో-ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువును గలవు. పదముల పూర్వరూపములను సత్వరముగా వెదకుటకు ఇవి సాధనములు. కేంద్ర ప్రభుత్వము 2025లో ప్రకటించిన ‘జ్ఞానభారతం’ ప్రణాళిక కోటికి పైగా వ్రాతప్రతుల సర్వేక్షణమును, సంరక్షణమును ఉద్దేశించినది. తాళపత్రములను చదివి వివరింప గలవారు లేనిదే ఆ పని సాగదు.

కావున ఒక మండలమునందలి శాసనములను ఈ పద్ధతిని పరిష్కరించుటను పిహెచ్.డి. సిద్ధాంత వ్యాసమునకు తగిన విషయముగా మన శాఖలు అంగీకరింపవలెను. ప్రాచీన లిపులను బోధించు తరగతులయందే పాఠమును గుర్తించు విధానమును నేర్పవలెను. కంప్యూటరు నెఱిగినవారికి ఴకార ఱకారముల ప్రాముఖ్యము తెలియకున్నను, అవి తెలిసినవారు కంప్యూటరునకు దూరముగా నున్నను, రాబోవు తరములకు దక్కునది దోషభూయిష్ఠమగు పాఠమే. వ్యాప్తినందిన దోషమును తొలగించుట దుష్కరము. అది వ్యాపింపకమునుపే తెలుగు అధ్యాపకులు ఈ కృషియందు పాల్గొందురు గాక.