మూలనున్న చెంబే బొమ్మకు సరుకు

ఒక పాత ఇత్తడి చెంబు, ఒక మట్టి కూజా, రెండు మామిడికాయలు. వీటిని స్టూలు మీద పెట్టి, ఎదురుగా కూర్చుని, కంటికి కనబడినట్టు బొమ్మ వేయడాన్ని స్టిల్ లైఫ్ అంటారు. తెలుగులో నిశ్చల చిత్రం. మన పరదరామి పక్కల బొమ్మలు వేసే పిల్లలు ఎక్కువగా ఫోన్‌లో ఫొటో చూసి వేస్తున్నారు. వస్తువును ఎదుట పెట్టుకుని వేస్తే కన్ను నేర్చుకునేది వేరు. అందుకు పెద్ద స్టూడియో అక్కరలేదు. ఇంట్లో ఒక కిటికీ దగ్గర చోటుంటే చాలు.

ముందు వెలుతురు సంగతి. చిత్రకారులు ఉత్తరం కిటికీని కోరుకుంటారు. ఎండ నేరుగా పడదు గనుక నీడలు అంతగా జరగవు. ఫ్రాన్స్‌లో పాల్ సెజాన్ 1902లో కట్టించుకున్న స్టూడియోకు ఉత్తరం వైపే పెద్ద కిటికీ ఉంది. అయితే మనం ఉన్నది సుమారు 13 డిగ్రీల అక్షాంశంలో. మార్చి చివర నుంచి సెప్టెంబరు దాకా సూర్యుడు కాస్త ఉత్తరంగా జరిగి ఉదయిస్తాడు, అస్తమిస్తాడు. ఆ నెలల్లో పొద్దునా సాయంత్రం ఉత్తరం కిటికీలోకి కూడా ఎండ వస్తుంది. పల్చటి తెల్ల పంచె అడ్డం కడితే సరి. మిగతా కిటికీలు మూసి, ట్యూబ్‌లైటు ఆర్పాలి. వెలుతురు ఒక్క పక్క నుంచి వస్తేనే చెంబు గుండ్రదనం తెలుస్తుంది.

తర్వాత వస్తువులు. మూడు నాలుగు చాలు. ఒకటి పొడుగు, ఒకటి గుండ్రం, ఒకటి చిన్నది ఉండాలి. ఒకదాని వెనుక ఒకటి కొంచెం దాగేటట్టు పెట్టాలి. కింద గుడియాత్తం గళ్ల లుంగీ పరిస్తే, గుడ్డ ఎలా మడతపడిందో గళ్లే చూపిస్తాయి. చింతపండుతో తోమిన చెంబు కొత్తవారికి కష్టం. కిటికీ, మనిషి అన్నీ అందులో కనబడతాయి. తోమనిదే మేలు. ఇటలీలో బొలోన్యా ఊరి చిత్రకారుడు జార్జో మొరాండి (1890–1964) తన సీసాలకు మెరుపు లేని రంగు పూసేవాడు, వాటి మీది దుమ్ము కూడా తుడవనిచ్చేవాడు కాదు. పడుకునే గదే ఆయన స్టూడియో. జీవితమంతా ఎక్కువగా కొద్దిపాటి సీసాలు, గిన్నెలనే వేశాడు.

అమర్చాక ప్రతి వస్తువు అడుగు చుట్టూ, మీ కుర్చీ కాళ్ల చుట్టూ సుద్దముక్కతో గీత గీయండి. మర్నాడు అదే చోట కూర్చోవాలి గదా. చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, పెన్సిలు మీద బొటనవేలితో కొలతలు తీయండి. చెంబు మూతి ఎంత వెడల్పు, పొట్ట దానికి ఎన్ని రెట్లు? పెద్ద ఆకారాలు కుదిరాకే చిన్నవి. తర్వాత కళ్లు సగం మూసి చూస్తే వెలుగు, నీడ రెండుగా విడిపోతాయి. నీటిరంగులైతే లేత రంగులతో మొదలుపెట్టి, మెరుపున్న చోట కాగితం తెల్లగా వదలాలి. తైలవర్ణాలైతే ముదురు రంగులు ముందు, మెరుపు చివర. పండ్లను మాత్రం ముందే వేసేయాలి, అవి మన కోసం ఆగవు. సెజాన్ నెమ్మదిగా వేసేవాడు, ఆయన పండ్లు బొమ్మ పూర్తికాకముందే కుళ్లిపోయేవట.

ఇంత వివరంగా రాయడానికి ఇంకో కారణం ఉంది. మన ఇళ్లలో గుండిగ, మరచెంబు, దీపపు సెమ్మె ఒక్కొక్కటే పాతసామాన్ల తూకానికి పోతున్నాయి. మా ఇంట్లో అమ్మ వాడిన గుండిగ అలాగే పోయింది. ఈరోజు దానికి ఫొటో కూడా లేదు. వస్తువుతో పాటు మాటా పోతోంది. సెమ్మెను మన పిల్లలు కుత్తువిళక్కు అంటున్నారు, చేటను మొరం అంటున్నారు. తమిళం రావడం మంచిదే, మన మాట మరవడం మంచిది కాదు.

కాబట్టి వచ్చే సెలవుల్లో అటక మీది సామాను ఒకటి దింపి పిల్లల ముందు పెట్టండి. బొమ్మ పూర్తయ్యాక దాని పేరు కింద తెలుగులో రాయించండి. పేరు తెలియకపోతే అవ్వను అడగమనండి. ఆమె పేరుతో ఆపదు, ఆ చెంబు ఎవరి పెళ్లికి వచ్చిందో కూడా చెబుతుంది.