పర్ర అంచున పరుగు

వెల్స్ రేవు నుంచి సముద్రం దాకా ఒక కరకట్ట ఉంది. దారం పట్టి గీసినట్టు మైలు పొడవునా తిన్నగా పోతుంది. పొద్దున్నే దాని మీద పరుగు తీసేవాళ్లకు కుడివైపు ఉప్పునీటి పాయ, బురద, నీరు తీశాక పక్కకు ఒరిగిన పడవలు కనిపిస్తాయి. ఎడమవైపు మాత్రం పొడి నేల, పచ్చిక. కట్ట లేకపోతే రెండు వైపులా ఒకటే. హోకమ్ ఎస్టేట్ ప్రభువులు 1859లో దీన్ని పూర్తి చేసేదాకా ఆ పచ్చిక కూడా సముద్రం సొత్తే.

ఇంగ్లండు తూర్పున నార్ఫక్ జిల్లా ఉత్తరపు అంచులో ఉందీ ఊరు. పూర్తి పేరు వెల్స్-నెక్స్ట్-ది-సీ, అంటే సముద్రం పక్కనున్న వెల్స్. పక్కనే అన్నారు గానీ సముద్రం మైలు దూరాన ఉంటుంది. పోటు వచ్చినప్పుడు మాత్రం పాయ వెంట ఊళ్లోకే వచ్చి పలకరిస్తుంది.

హన్‌స్టంటన్ నుంచి హాప్టన్ దాకా 135 కిలోమీటర్లు సాగే నార్ఫక్ కోస్ట్ పాత్ ఈ ఊరి మీదుగానే వెళ్తుంది. మొత్తం దారిలో పరుగుకు ఒకే ముక్క ఎంచుకోవాలంటే వెల్స్ నుంచి తూర్పుగా స్టిఫ్కీ, మార్‌స్టన్, బ్లేక్నీ మీదుగా క్లై దాకా, సుమారు 17 కిలోమీటర్లు. కొండలు లేవు, ఎక్కుడు దిగుడు లేదు. అందమంతా ఎడమ చేతివైపు, కనుచూపు మేర పరుచుకున్న ఉప్పు పర్రలో ఉంది.

పర్ర అంటే కృష్ణా, బాపట్ల తీరాల వాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. పోటుకు మునిగి, పాటుకు తేలే చవుడు నేల. మన దగ్గర అలాంటి చోట మడ చెట్లు లేస్తాయి. బ్రిటన్ చలికి, మంచుకు మడ బతకదు. దాని పనిని అక్కడ మోకాలెత్తు కూడా లేని మొక్కలు చేస్తాయి. ఇసుక దిబ్బల వెనక నీరు నెమ్మదించిన చోట ఒండ్రు కొద్దికొద్దిగా దిగుతుంది. ఆ మెత్తటి బురదలో మొదట నాటుకునేది సాంఫైర్. ఆకులు లేని, కణుపులు కణుపులుగా ఉండే పచ్చటి కాడ. దాని కాళ్ల దగ్గర ఇంకాస్త ఒండ్రు చిక్కుతుంది, నేల కాస్త లేస్తుంది, అప్పుడు మరో మొక్క వస్తుంది. ఇలా ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున పర్ర పెరుగుతుంది. నేల జానెడు ఎత్తు మారితే చాలు, మొక్కల జాతి మారిపోతుంది. వీటిలో సువేడా మారిటిమా అనే మొక్క కోరింగ మడ అడవుల అంచునా కనిపిస్తుంది. రెండు తీరాల మధ్య వేల కిలోమీటర్లు ఉన్నా ఉప్పును తట్టుకునే ఉపాయం ఒకటే: పీల్చిన ఉప్పును కణాల్లోని నీటి సంచుల్లో విడిగా దాచుకోవడం. సీ లావెండర్‌ది వేరే దారి. ఆకుల మీది గ్రంథుల నుంచి ఉప్పును బయటికి నెట్టేస్తుంది. ఎండ రోజున ఆకు మీద వేలు పెట్టి నాలుకకు రాసుకుంటే ఆ సంగతి తెలిసిపోతుంది.

సాంఫైర్‌ను వేసవిలో చేపల కొట్లలో అమ్ముతారు. ఉడికించి, వెన్న రాసి, కాడను పళ్ల మధ్య పెట్టి లాగి తింటారు. ఉప్పు వేయాల్సిన పనే లేదు.

చూడటానికి ఖాళీగా పడి ఉన్నట్టుండే ఈ నేల ఎంత పని చేస్తుందో లెక్క తేల్చింది స్టిఫ్కీలోనే. ఐరిస్ మోలర్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఇక్కడ అలలను కొలిచి, 1999లో ఫలితాలు ప్రచురించారు. ఇసుక మేట మీదుగా వచ్చేటప్పుడు అల శక్తిలో సగటున 29 శాతం పోయింది. అదే పర్ర మీదుగా వచ్చేటప్పుడు 82 శాతం. మోలర్ బృందమే తర్వాత జర్మనీలోని హానోవర్‌లో, 300 మీటర్ల భారీ కాలువలో 40 మీటర్ల మేర నిజమైన పర్రను తెచ్చి పరిచింది. దాని మీదికి తుపాను స్థాయి అలలను వదిలింది. అలల ఎత్తు తగ్గడంలో 60 శాతం దాకా వాటా మొక్కలదేనని 2014లో తేలింది. మొక్కలు విరిగాయి, వంగాయి, అయినా కింది నేల కొట్టుకుపోలేదు.

ఈ లెక్కలు ఎందుకు అవసరమో 1953 చెబుతుంది. ఆ జనవరి 31 రాత్రి ఉత్తరపు గాలి నార్త్ సీ నీటిని దక్షిణానికి తోసింది. ఆ సముద్రం దక్షిణానికి పోయేకొద్దీ ఇరుకు, లోతు తక్కువ, అచ్చం గరాటు లాంటిది. నీటికి పైకి లేవడం తప్ప దారి లేదు. 1977లో దివిసీమను ముంచిన ఉప్పెనకు మూలం వేరే తరహా తుపానే అయినా తీరు ఇదే. 1953 ఉప్పెనలో ఇంగ్లండులో 307 మంది, నెదర్లాండ్స్‌లో 1,836 మంది చనిపోయారు. 2013 డిసెంబరు 5న మళ్లీ అలాంటి ఉప్పెనే వచ్చింది. కొన్ని చోట్ల నీరు 1953 నాటి ఎత్తును మించింది. క్లై పర్రలు మునిగాయి. అయితే ఈసారి హెచ్చరికలు ముందే అందాయి, జనం ముందే కదిలారు.

ఇలాంటి ఉప్పెనల వల్ల కరకట్టలను ఎక్కడ నిలబెట్టాలి, ఎక్కడ వదిలేయాలి అన్న ప్రశ్న మరింత పదునెక్కింది. కట్ట గట్టిగా నిలిచి సముద్ర మట్టం పెరుగుతూ పోతే, పర్రకు వెనక్కి జరగడానికి చోటుండదు, రెంటి మధ్యా నలిగిపోతుంది. క్లై దగ్గర గులకరాళ్ల గట్టును చాలా ఏళ్లు ప్రతి చలికాలం యంత్రాలతో తిరిగి పేర్చేవాళ్లు. 2005-06 చలికాలం తర్వాత ఆ పని మానేశారు. గట్టు ఇప్పుడు తనంతట తానే పరుచుకుంటూ మెల్లగా లోపలికి జరుగుతోంది. దాని కింద పూడిపోతుందన్న భయంతో గ్లావెన్ నది పాయను దక్షిణానికి మళ్లించాల్సి వచ్చింది. ఓటమి అనుకునేవాళ్లు ఉన్నారు గానీ, సముద్రంతో బేరం అంటే ఇలాగే ఉంటుంది.

ఆ గులకరాళ్ల గట్టే పడమటికి సాగి బ్లేక్నీ పాయింట్ అవుతుంది. ఆరు కిలోమీటర్ల పైచిలుకు పొడవు. మ్యాపులో చూసి ఉత్సాహపడే పరుగువీరులకు పరీక్ష పెట్టేది ఇదే. మామూలుగా గట్టి నేల మీద అడుగు వేసినప్పుడు పిక్కనూ మడమనూ కలిపే స్నాయువు స్ప్రింగులా సాగి, తీసుకున్న శక్తిని తిరిగి ఇస్తుంది. వదులు నేల మీద ఆ శక్తి నేలను కదపడానికే ఖర్చవుతుంది. ఇసుక మీద పరుగుకు గట్టి నేల కంటే 1.6 రెట్లు శక్తి కావాలని లెజూన్, విల్లెమ్స్, హెగ్లండ్ 1998లో కొలిచి చెప్పారు. నడకకైతే 2.1 నుంచి 2.7 రెట్లు. ఇక గులకరాళ్ల మీద అడుగు ముందుకు, అర అడుగు వెనక్కి. అక్కడ పరుగు మానుకుని మార్‌స్టన్ నుంచి పడవలో వెళ్లి సీల్స్‌ను చూడటమే తెలివి. 2001లో ఈ ఇసుక కొన మీద 25 బూడిద సీల్ పిల్లలు పుట్టాయి. ఇప్పుడు ఏటా వేలల్లో పుడుతున్నాయి.

పరుగు మానడానికి పక్షులు మరో కారణం. లిటిల్ టెర్న్ అనే చిన్న పక్షి గులకరాళ్ల మధ్య చిన్న గుంట చేసి గుడ్లు పెడుతుంది. గుడ్డు ఏదో రాయి ఏదో చెప్పలేం, బూటు కింద పడ్డాక తెలిసినా లాభం లేదు. అందుకే వేసవిలో ఆ చోట్లకు తాళ్లు కడతారు. చలికాలంలో సైబీరియా నుంచి వచ్చే బ్రెంట్ పెద్దబాతులకు మేత దొరికే సమయాన్ని చాలావరకు ఆటుపోట్లే తేల్చిచెబుతాయి. ఎవరో ఉరుకుతూ దగ్గరికి వస్తే గుంపు మొత్తం లేస్తుంది. ఎగరడానికి శక్తి పోతుంది, మేసే సమయమూ పోతుంది. దారి వదలకుండా పరుగెత్తేవాళ్లతో ఇంత బెడద ఉండదు. పులికాట్‌లో రాజహంసలను చూడ్డానికి సూళ్లూరుపేట వెళ్లినవాళ్లకు ఈ దూరం పాటించే మర్యాద కొత్త కాదు.

ఇక్కడి పక్షులకు రక్షణ కల్పించిన చరిత్ర కూడా పాతదే. బ్లేక్నీ పాయింట్ 1912లో నేషనల్ ట్రస్టుకు చేరింది. లండన్ యూనివర్సిటీ కాలేజీ వృక్షశాస్త్ర ఆచార్యుడు ఫ్రాన్సిస్ ఆలివర్ తన విద్యార్థులను ఏళ్ల తరబడి ఇక్కడికే తెచ్చి పర్ర పాఠాలు చెప్పాడు. 1926లో సిడ్నీ లాంగ్ అనే వైద్యుడు క్లై పర్రలను వేలంలో కొన్నాడు. వాటిని కాపాడటానికి పుట్టిన నార్ఫక్ ట్రస్టే బ్రిటన్‌లో జిల్లా స్థాయి వన్యప్రాణి సంస్థల్లో మొదటిది.

స్టిఫ్కీ దగ్గర దారి వదిలి పర్రలోకి దిగే కాలిబాటలు ఊరిస్తాయి. దిగేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పోటు నీరు ఎదురుగా అలలా రాదు. చీలికలు చీలికలుగా ఉన్న పాయల్లోంచి, చప్పుడు లేకుండా, వెనక నుంచి వస్తుంది. దాటి వచ్చిన మడమ లోతు పాయ కాసేపటికి నడుము లోతవుతుంది. వెల్స్ ఒడ్డున పోటు వచ్చే ముందు సైరన్ మోగిస్తారు, పర్ర మధ్యలో మోగించేవాళ్లెవరూ ఉండరు. పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. నిన్నటి వేళ ఇవాళ పనికిరాదు. అమావాస్య, పున్నములకు అటూ ఇటూ మరీ జాగ్రత్త.

లండన్ నుంచి వచ్చే తెలుగువాళ్లు కింగ్స్ క్రాస్‌లో రైలెక్కి కింగ్స్ లిన్‌లో దిగి, అక్కడి నుంచి రోడ్డు దారి పట్టాలి. జూలై, ఆగస్టుల్లో వస్తే సీ లావెండర్ పూసి పర్ర అంతా ఊదారంగు తిరుగుతుంది. పరుగు మాత్రం వెల్స్ నుంచి క్లై వైపే పెట్టుకోండి, అటు నుంచి ఇటు వద్దు. ఇక్కడ ఎక్కువ రోజులు వీచేది నైరుతి గాలి. ఇటు నుంచి వెళ్తే అది వెన్ను తోస్తుంది, అటు నుంచి వస్తే 17 కిలోమీటర్లూ మొహాన కొడుతుంది.