బొమ్మ నవ్వుతోంది... లోపల ఎవరు?

అంబర్‌పేటలో ఆదివారం సాయంత్రం. ఫంక్షన్ హాలు గుమ్మానికి బెలూన్ల కమాను. కేకు ఇంకా రాలేదు. పుట్టినరోజు పాప కూడా రాలేదు. అయినా పిల్లలంతా గుమ్మం దగ్గరే మూగారు. అక్కడ ఆరడుగుల ఎలుగుబంటి నిలబడి చేతులూపుతోంది మరి! ఒకడు తోక లాగుతున్నాడు. ఇంకొకామె పొట్టలో గుద్ది పారిపోతోంది. నాలుగేళ్ల బుడతడు మాత్రం నానమ్మ కొంగు వదిలి రానంటున్నాడు. ఎలుగుబంటి ఎవర్నీ ఏమీ అనదు. నవ్వుతూనే ఉంటుంది. నవ్వక ఏం చేస్తుంది? ఆ మొహం కుట్టిందే అలా!

ఆ నవ్వు వెనకాల ఓ కుర్రాడున్నాడు. ఎలుగుబంటి కళ్లు ఉత్తుత్తివి. అతను చూసేది దాని నోట్లోంచి, నల్ల జాలీ గుడ్డ చాటునుంచి. కాళ్ల దగ్గర చేరిన పిల్లలు అతనికి కనపడనే కనపడరు. ఈ చుట్టుపక్కల ఇలాంటి కుర్రాళ్లకు కొదవ లేదు. పక్కనే ఉస్మానియా క్యాంపస్, అది దాటితే తార్నాక, మధ్యలో బోలెడన్ని హాస్టళ్లు, అద్దె గదులు. చదువుకుంటూ నాలుగు డబ్బులు సంపాదించుకుందామని క్యాటరింగ్‌లో వడ్డనకు వెళ్లేవాళ్లున్నట్టే, బొమ్మలో దూరేవాళ్లూ ఉంటారు.

మనిషి బొమ్మలో దూరడం మనకేమీ కొత్త కాదు. పశ్చిమ గోదావరి జిల్లా తణుకు వైపు బుట్టబొమ్మల సంగతి తెలిసిందే. పొట్టు, ఎండుగడ్డి, పేడ కలిపి చేసిన పెద్ద తల, భుజాలు తగిలించుకుని ఊరేగింపులో ఆడతారు. చిందు భాగోతం కళాకారుల కిరీటాలు, భుజకీర్తులు చూస్తే మోయడానికి ఇద్దరు కావాలేమో అనిపిస్తుంది. తీరా అవి పొణికి కర్రవి, ఎత్తి చూస్తే బరువే ఉండదు! చేర్యాల మాస్కులకైతే రంపపు పొట్టు, చింతగింజల జిగురు. చూపుకి పెద్దగా ఉండాలి, మెడకి తేలిగ్గా ఉండాలి. ఆ పనివాళ్లకు ఇది ఎవరో నేర్పితే వచ్చింది కాదు.

పులివేషానికి ఆ బరువు కూడా ఉండదు, ఏకంగా ఒంటికే రంగు. అది వదిలించుకోవడానికి కిరోసిన్‌తో పడే పాట్లు వేరే కథ. ఇక ఆషాఢంలో అంబర్‌పేట మహంకాళి బోనాలకు వచ్చే పోతరాజును చూడండి. ఒంటినిండా పసుపు, నుదుట కుంకుమ, నడుముకు వేపమండలు, కాళ్లకు గజ్జెలు. ఎంత ఎగిరినా చెమటకు ఆరే దారుంది.

ఎలుగుబంటికి ఆ దారే లేదు.

క్రీడలకు ఓ బొమ్మ, టీవీ కార్టూనుకు ఓ బొమ్మ అనే అలవాటు నగరానికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. 2003లో హైదరాబాద్‌లో జరిగిన ఆఫ్రో-ఏషియన్ క్రీడలకు 'షేరూ' అనే చిహ్నం. 2008లో హైదరాబాద్‌కే చెందిన గ్రీన్ గోల్డ్ సంస్థ తీసిన 'ఛోటా భీమ్' టీవీలో మొదలైంది. ఆ తర్వాత లడ్డూలు తినే ఆ బుడ్డోడు మనిషెత్తు పెరిగి షాపింగ్ మాల్స్‌కి, పుట్టినరోజులకి నడిచి వచ్చేశాడు.

ఇంతకీ ఈ బొమ్మను ఎలా చేస్తారు? అసలు పనంతా తలలోనే ఉంది. మధ్యలో సైకిల్ హెల్మెట్ లాంటిది బిగిస్తారు, తల ఊగకుండా. దాని చుట్టూ స్పాంజి షీట్లు కోసి, రబ్బరు జిగురుతో అతికించి, బుగ్గలూ ముక్కూ దిద్దుతారు. ఆ జిగురు వాసన పూర్తిగా పోయేదాకా తల పెట్టుకోకూడదు. తొందరపడితే కళ్లు తిరుగుతాయి. పైన బొచ్చుగుడ్డ. దాన్ని కత్తెరతో కోస్తే బొచ్చు తెగి అతుకు దగ్గర బోడిగా కనిపిస్తుంది. అందుకే తిరగేసి, వెనకవైపు గుడ్డ మాత్రమే తెగేలా బ్లేడుతో కోస్తారు. పెద్ద బొజ్జ కావాలంటే లోపల దిండ్లు కుక్కనక్కర్లేదు. ప్లాస్టిక్ పైపును చక్రంలా వంచి కుడితే చాలు, బొజ్జా వస్తుంది, లోపల గాలీ ఉంటుంది. తెలిసినవాళ్లు తల పైభాగంలో చెవుల చాటున రంధ్రాలు వదిలి, కంప్యూటర్‌లో వాడే చిన్న ఫ్యాను బ్యాటరీతో పెడతారు. తెలియనివాళ్లు మూతి అందంగా రావాలని జాలీ కూడా మూసేస్తారు!

గాలి నింపే బొమ్మలూ వస్తున్నాయి. తేలిక, మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. బ్యాటరీ అయిపోతే మాత్రం డైనోసార్ అందరి ముందూ కూలబడుతుంది.

ఏ రకమైనా వేడి సంగతి ముందు చూసుకోవాలి. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. స్పాంజి, బొచ్చు కలిసి ఆ ఆరడాన్నే ఆపేస్తాయి. బయట ఎండ లేకపోయినా ప్రమాదమే. 2019 జులైలో జపాన్‌లో, ఒసాకా దగ్గరి హిరకటా పార్కులో 28 ఏళ్ల యువకుడు ఇలాంటి వేషం వేసుకుని డాన్సు సాధన చేశాడు. సందర్శకులంతా వెళ్లిపోయాక, పొద్దుగూకాక. వేషం బరువు దాదాపు 16 కిలోలు. ఆడింది ఇరవై నిమిషాలే. వడదెబ్బతో ప్రాణం పోయింది. మన మే నెలలో మిట్టమధ్యాహ్నం, షాపు ప్రారంభోత్సవం అని రోడ్డు మీద గంటలకొద్దీ బొమ్మను ఆడించేవాళ్లు ఈ సంగతి ఒక్కసారి ఆలోచించాలి.

పైగా ఈ వృత్తికో నియమం ఉంది. బొమ్మ మాట్లాడకూడదు, పిల్లల ముందు తల తీయకూడదు. పిల్లల కోసం పెట్టిన నియమమే, మంచిదే. కానీ లోపలివాడికి కళ్లు తిరుగుతుంటే చెప్పేదెలా? అందుకే పక్కన ఓ తోడు మనిషి ఉండాలి. రెండు చేతులూ తల మీద పెట్టుకుంటే 'నన్ను బయటికి తీసుకెళ్లు' అని ముందే సైగ అనుకోవాలి. తోక లాగేవాళ్లను ఆపేదీ, మెట్లు వస్తున్నాయని చెప్పేదీ అతనే. కేకు కొవ్వొత్తుల దగ్గరికి, నిప్పురవ్వలు చిమ్మే ఫౌంటెన్ల దగ్గరికి బొమ్మను వెళ్లనివ్వకూడదు. ఆ బొచ్చు నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఇరవై నిమిషాలు ఆడితే అంతసేపూ విశ్రాంతి. డబ్బు తగ్గించుకుందామని బేరమాడేవాళ్లు మొదట కొట్టేసేది మాత్రం ఈ తోడు మనిషినే.

కొనాలా, అద్దెకు తేవాలా అన్నది మరో ప్రశ్న. ఒక్క పుట్టినరోజుకైతే అద్దే మేలు. 1955లో డిస్నీల్యాండ్ తెరిచిన కొత్తలో మిక్కీ వేషాలు కూడా 'ఐస్ కపేడ్స్' అనే మంచు స్కేటింగ్ బృందం దగ్గర తెచ్చుకున్నవేనట! అద్దెది తెచ్చేముందు లోపల ముక్కు పెట్టి చూడండి. వాసన కొడుతుంటే నిన్నటివాడి చెమట ఆరలేదన్నమాట. ఎవరి తలగుడ్డ, బనియను వాళ్లకే వేరుగా ఉండాలి. కాలేజీయో, కంపెనీయో సొంతంగా చేయించుకుంటే బొమ్మ రూపం మీద హక్కు ఎవరిదో కాగితం మీద రాయించుకోవాలి. అమెరికాలో ఫిలడెల్ఫియా ఫిల్లీస్ బేస్‌బాల్ జట్టు 1978లో 'ఫనాటిక్' అనే పచ్చబొమ్మను చేయించుకుంది. వేషం ఒక్కటే అయితే 3,900 డాలర్లు, హక్కులతో కలిపి 5,200. అధికారులు చవగ్గా వస్తోందని మొదటిది తీసుకున్నారు. బొమ్మ ఊరందరికీ ముద్దొచ్చాక అవే హక్కులకు రెండు లక్షల డాలర్లకు పైగా పోశారు.

హాలు మాట్లాడుకునేటప్పుడు భోజనాలు, పార్కింగ్, జనరేటర్ అన్నీ అడుగుతాం. ఫ్యాను ఉన్న చిన్న గది ఒకటి బొమ్మ కోసం అడిగేవాళ్లు తక్కువ. అంబర్‌పేట హాల్లో అలాంటిదొకటి ఉంది, వంటగది పక్కన. కేకు కోసేలోపు ఎలుగుబంటి అక్కడికెళ్లి తల తీసి కుర్చీలో పెట్టింది. కుర్రాడు తడిసిన బనియనుతో ఫ్యాను కింద కూర్చుని రెండో గ్లాసు మజ్జిగ తాగుతున్నాడు. తలుపు సందులోంచి నాలుగేళ్ల బుడతడు తొంగి చూశాడు. కుర్చీలో తలని చూశాడు, కుర్రాడిని చూశాడు. ఈసారి నానమ్మ కొంగు పట్టుకోలేదు. లోపలికొచ్చి, కుర్చీలోని ఆ బొచ్చు ముక్కును వేలితో ఒకసారి నొక్కి చూసి, తుర్రున పారిపోయాడు.