టిక్కెట్టు లేని బామ్మగారు... పెట్టెలో బాంబున్న పెద్దమనిషి!

డెబ్భై ఏళ్ల బామ్మగారు. చేతిలో సంచీ, మొహాన బోలెడంత అమాయకత్వం. ఈవిడగారి నిర్వాకం ఏమిటో తెలుసా? టిక్కెట్టు కొనకుండా విమానమెక్కి కూతురింటికి వెళ్లి రావడం! "మావాడు పర్సు మర్చిపోయి ఎక్కేశాడు బాబూ, ఇచ్చొస్తా" అంటే కాదనే గుండె ఎవరికుంటుంది చెప్పండి!

1970లో వచ్చిన హాలీవుడ్ చిత్రం 'ఎయిర్‌పోర్ట్'లోని ఎడా క్వాన్‌సెట్ ఈవిడ. ఆర్థర్ హెయిలీ 1968లో రాసిన నవలని జార్జ్ సీటన్ తెరకెక్కించారు. బర్ట్ లాంకాస్టర్, డీన్ మార్టిన్ లాంటి పెద్ద హీరోలున్నారు. వాళ్ల ప్రేమలూ, ఇంట్లో తగవులూ కాస్త సాగదీతగానే ఉంటాయి. సినిమా అయ్యాక మనసులో మిగిలేది మాత్రం ఇద్దరాడవాళ్లు. ఒకరు ఈ బామ్మ, రెండోది ఇనెజ్ అనే ఇల్లాలు.

మంచు తుఫాను రాత్రి. విమానాశ్రయంలో ఓ విమానం మంచులో కూరుకుపోయి ముఖ్యమైన రన్‌వే మూతపడింది. రోమ్ వెళ్లే బోయింగ్ 707 ఇంకో రన్‌వే మీంచి లేచింది. అందులో బామ్మ దొంగతనంగా దూరింది. పక్క సీట్లో గెరేరో... ఒళ్లో పెట్టె, పెట్టెలో బాంబు!

ఇతనేం దేశద్రోహి కాదు. చేసిన పనల్లా చెడి, ఉద్యోగం నిలవని మనిషి. ఎక్కేముందు విమానాశ్రయంలోనే రెండు లక్షల డాలర్ల పైచిలుకు బీమా తీసుకున్నాడు. తాను పోతే ఆ సొమ్ము పెళ్లానికి వస్తుందని లెక్క. మిగతా ప్రయాణికుల సంగతి? ఆ ఊసే లేదు. ఆ పెళ్లాం ఇనెజ్ కాఫీ హోటల్లో చాకిరీ చేసి ఇల్లు నెట్టుకొస్తోంది. ఆమెకి ఒక్క ముక్క చెప్పలేదు. రోమ్ టిక్కెట్టు తాలూకు కాగితం కంటబడ్డాక ఆమె పరుగున వచ్చేసరికి విమానం వెళ్లిపోయింది. భర్త మీద తన నోటితోనే అధికారులకి చెప్పాల్సిన ఘడియ అది. మారీన్ స్టేపుల్టన్ ఆ ఘట్టంలో అరవదు, గుండెలు బాదుకోదు. కళ్లతోనే మనల్ని కుదిపేస్తుంది.

ఇదంతా కల్పనేగా అనుకోకండి. 1955లో అమెరికాలోని డెన్వర్ నుంచి లేచిన విమానంలో ఓ ప్రబుద్ధుడు కన్నతల్లి పెట్టెలోనే బాంబు పెట్టాడు. విమానాశ్రయంలోని మిషన్లో తల్లి పేర బీమా కొని మరీ! 44 మంది పోయారు.

సినిమాలో పెట్టె లాక్కోవడానికి ఎయిర్‌హోస్టెస్సూ, బామ్మా కలిసి ఆడే నాటకం భలేగా ఉంటుంది. తీరా పెట్టె చేతికొచ్చాక, ఎవరో తోటి ప్రయాణికుడు పాపమని దాన్ని గెరేరోకే ఇచ్చేస్తాడు! అతను బాత్రూములోకి దూరతాడు... ఢాం!

చిల్లు పడితే అంత బీభత్సం ఎందుకంటారా? మన ప్రెషర్ కుక్కర్నే తలుచుకోండి. అంతెత్తున బయటి గాలి పల్చన, ఊపిరికి చాలదు. అందుకని లోపల గాలిని ఒత్తిడిగా నింపుతారు. అది కుక్కర్లో ఆవిరిలా గోడల్ని బయటికి తోస్తూ ఉంటుంది. చిల్లు పడగానే దగ్గరున్న సామాన్లనీ, మనుషుల్నీ ఈడ్చుకుంటూ దూసుకుపోతుంది. పైలట్లు విమానాన్ని గబగబా కిందికి దించేది చిక్కటి గాలి అందడానికే. ఇక దిగాలంటే ఆ మూతపడ్డ రన్‌వేయే దిక్కు. మంచులో విమానాన్ని కదిలించే పట్రోనీగా జార్జ్ కెన్నెడీ ఈల వేయిస్తాడు.

ఈ చిత్రానికి పది ఆస్కార్ నామినేషన్లొచ్చాయి. దక్కింది ఒక్కటే. సహాయనటి విభాగంలో బామ్మా, ఇనెజ్జూ ఇద్దరూ పోటీపడితే, బామ్మగా వేసిన హెలెన్ హేస్‌ని వరించింది. ఆవిడ మొదటి ఆస్కార్ 1932లోది, ఇది 1971లో! నన్నడిగితే రెండు ముక్కలు చేసి ఇద్దరికీ ఇవ్వాల్సింది. స్టేపుల్టన్‌కి 1982 దాకా ఆగాల్సొచ్చింది, అదీ వేరే సినిమాకి.

నిడివి 137 నిమిషాలు. మొదటి గంట కాస్త ఓపిక పట్టండి. చివర్లో ప్రయాణికులు దిగుతుంటే ఇనెజ్ ఎదురెళ్లి క్షమించమని వేడుకునే చోట మాత్రం, పొయ్యి మీద పాలుంటే ముందే దించేసి వచ్చి కూర్చోండి.