ఆ పాత వీడియో గేమ్‌ను పారేయకండి

2021 ఏప్రిల్‌లో అమెరికాలోని హెరిటేజ్ ఆక్షన్స్ వేలంలో ఒక ‘సూపర్ మారియో బ్రదర్స్’ క్యాసెట్ 6,60,000 డాలర్లు పలికింది. 1986లో క్రిస్మస్ కానుకకని కొని, బల్ల సొరుగులో పెట్టి మరిచిపోయిన క్యాసెట్ అది. సీలు విప్పలేదు, ఒక్కసారి కూడా ఆడలేదు. అంత ధర రావడానికి కారణమూ అదే. ఆ ఏడాది జులైలోనే ‘సూపర్ మారియో 64’ సీలు డబ్బా ఒకటి 15 లక్షల డాలర్లు దాటింది.

ఇలాంటి వార్తలు వాట్సాప్‌లో తిరిగిన దగ్గర్నుంచి మా షాపుకొచ్చేవాళ్లు అడిగే ప్రశ్న మారింది. నేను సికింద్రాబాద్‌లో టీవీలు, ఆంప్లిఫయర్లు బాగుచేస్తాను. పాత గేమ్ యంత్రాలంటే నాకు ప్రాణం. ఎర్రగడ్డ ఆదివారం సంతలో వెతికి తెచ్చుకుంటాను, పాడైనవాటిని మళ్లీ నడిపిస్తాను. ఇదివరకు ‘‘అన్నా, ఇది ఆన్ అయితలేదు, జర చూడరాదే’’ అనేవాళ్లు. ఇప్పుడు ‘‘అన్నా, దీనికి ఎంతొస్తది?’’ అంటున్నారు.

‘‘పైసలు పెద్దగ రావు తమ్మీ. కానీ ఇది చరిత్ర. నడిచేటట్టు చేసి దగ్గర పెట్టుకో’’ అంటాను. ఆ మాట ఎందుకంటానో ఇక్కడ వివరంగా చెబుతాను.

పేకముక్కల కంపెనీ నుంచి

తొంభైల్లో మన ఇళ్లలో టీవీకి తగిలించిన గేమ్ పెట్టెల్లో చాలావాటి మూలం జపాన్‌లోని క్యోటో నగరంలో ఉంది. 1889లో అక్కడ హనఫుడా అనే పేకముక్కలు తయారుచేస్తూ మొదలైన సంస్థ నింటెండో. ఇంట్లో ఆడుకోవడానికి చవకైన గేమ్ యంత్రం కావాలని దాని అధిపతి హిరోషి యమౌచి ఆ పనిని మసయుకి ఉయెమురా అనే ఇంజినీరుకు అప్పగించారు. అలా తయారైన ‘ఫ్యామిలీ కంప్యూటర్’ 1983 జులై 15న బజారుకొచ్చింది. ధర 14,800 యెన్లు. జపాన్ జనం దాన్ని ముద్దుగా ఫామికామ్ అన్నారు.

ఆరంభం సాఫీగా లేదు. మొదటి విడతలో చిప్పు లోపం వల్ల ఆట మధ్యలో యంత్రం ఆగిపోయేది. నింటెండో అమ్మినవాటిని వెనక్కి తీసుకుని బోర్డులు మార్చి ఇచ్చింది. ఆ తొలినాటి యంత్రాల్లో ఎ, బి బటన్లు నలుచదరంగా, రబ్బరుతో ఉండేవి. నొక్కగా నొక్కగా అవి అంచుల్లో ఇరుక్కుపోయేవి. తర్వాత గుండ్రటి ప్లాస్టిక్ బటన్లు పెట్టారు. సేకరించేవాళ్లు ఫామికామ్‌ను చేతిలోకి తీసుకోగానే ముందు ఆ బటన్లు చూసేది అందుకే. నలుచదరం బటన్లుంటే అది తొలి రోజులది.

సరిగ్గా అదే ఏడాది అమెరికాలో గేముల వ్యాపారం కుప్పకూలింది. నాసిరకం క్యాసెట్లు షాపుల్లో గుట్టలు పడ్డాయి. అటారి కంపెనీ అమ్ముడుపోని సరుకును లారీల్లో తెచ్చి న్యూ మెక్సికోలోని అలమొగోర్డో ఊళ్లో పూడ్చిపెట్టింది. 2014లో అక్కడ తవ్వితే ‘ఈ.టి.’ గేము క్యాసెట్లు బయటపడ్డాయి. వీడియో గేమ్ అంటేనే దుకాణదారులు దండం పెట్టే రోజుల్లో, 1985లో నింటెండో తన ఇంటి గేమ్ యంత్రంతో న్యూయార్క్‌లో అడుగుపెట్టింది. అందుకోసం పెట్టె రూపమే మార్చేసింది. క్యాసెట్‌ను పైనుంచి గుచ్చడం మానేసి, వీసీఆర్‌లో పెట్టినట్టు ముందు నుంచి పెట్టేలా చేసింది. ఆర్.ఓ.బి. అనే బొమ్మ రోబోను జతచేసింది. ఎన్.ఇ.ఎస్. పేరుతో వచ్చిన ఆ పెట్టె అమెరికాలో గేములకు మళ్లీ ప్రాణం పోసింది. ఫామికామ్, ఎన్.ఇ.ఎస్. కలిపి ప్రపంచమంతా 6 కోట్ల 19 లక్షలు అమ్ముడయ్యాయి.

40 కిలోబైట్లలో ఒక లోకం

‘సూపర్ మారియో బ్రదర్స్’ 1985 సెప్టెంబరు 13న విడుదలైంది. 32 దశలు, పాటలు, శత్రువులు, కోటలు అన్నీ కలిపి 40 కిలోబైట్లు. పొద్దున్నే మీ ఫోనుకొచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ ఒక్కటి అంతకంటే పెద్దదిగా ఉంటుంది. ఫామికామ్ ప్రాసెసర్ వేగం 1.79 మెగాహెర్ట్జ్, పని చేసుకోవడానికి ఉన్న మెమరీ 2 కిలోబైట్లు.

అంత ఇరుకులో సంసారం ఎలా నెట్టుకొచ్చారో చూస్తే ముచ్చటేస్తుంది. ఈసారి మారియో ఆడినప్పుడు ఆకాశంలో తెల్లటి మబ్బును, నేల మీద పచ్చటి పొదను పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే బొమ్మ, రంగు ఒక్కటే మార్చారు. మారియో మొహం కూడా అలా పుట్టిందే. 1981లో ‘డాంకీ కాంగ్’ కోసం ఆ బొమ్మ గీసిన షిగెరు మియమోటోకు దొరికినవి కాసిని చుక్కలే. జుట్టు గీయక్కర్లేకుండా టోపీ పెట్టారు. నోరు గీయక్కర్లేకుండా మీసం పెట్టారు.

‘‘శత్రువులు ఎక్కువైతే బొమ్మలు మిణుకుమిణుకుమంటున్నయ్, రిపేర్ చెయ్యి’’ అని యంత్రం తెచ్చేవాళ్లున్నారు. అది రిపేరు కాదు. ఆ చిప్పు తెరమీద ఒక అడ్డగీతలో ఎనిమిది బొమ్మ ముక్కలకు మించి గీయలేదు. తొమ్మిదోది వస్తే కనిపించదు. ఏదో ఒకటి పూర్తిగా మాయమైపోకుండా ప్రోగ్రాం రాసినవాళ్లు వంతులు వేశారు. ఈ ఫ్రేములో ఒకటి ఆగుతుంది, తర్వాతి ఫ్రేములో ఇంకొకటి. మనకు కనిపించే మిణుకు ఆ వంతులే.

‘కాంట్రా’ గేములో 30 ప్రాణాలు తెచ్చే మంత్రం కూడా ఆ కాలపు ఆస్తే. పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ. కొనామీ కంపెనీలో కజుహిసా హషిమోటో 1986లో ‘గ్రాడియస్’ గేమును పరీక్షిస్తున్నప్పుడు, అది మరీ కష్టంగా ఉందని తన కోసం పెట్టుకున్న కిటుకు అది. ఆయన 2020లో కన్నుమూశారు. ఆయన పేరు వినని పిల్లలు కూడా ఆ వరుసను ఒకరి నోటి నుంచి ఒకరు నేర్చుకున్నారు.

పెట్టె విప్పితే

నా బల్ల మీద ఎప్పుడూ రెండు బోర్డులు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి జపాన్ ఫామికామ్‌ది, రెండోది మన ఊళ్లలో అమ్మిన నకలు యంత్రానిది. జపాన్ బోర్డు మీద 40 కాళ్ల చిప్పులు రెండు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. రెండూ రికో కంపెనీవి. ఒకటి ఆట నడుపుతుంది, శబ్దం చేస్తుంది. రెండోది బొమ్మ గీస్తుంది. నకలు బోర్డు మీద ఆ రెండింటి చోట నల్లటి ఎపాక్సీ బొట్టు ఒక్కటే ఉంది. ఫామికామ్ మొత్తాన్ని ఒకే చిప్పులోకి కుదించి, దాని మీద ఆ జిగురు పోసి గడ్డకట్టించారు. బొట్టు కింద చిప్పు పోతే మార్చడానికి లేదు. పోకపోతే ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంటుంది.

నకళ్లు మన దాకా ఎలా వచ్చాయి? అమెరికాకు పంపిన ఎన్.ఇ.ఎస్.లో నింటెండో తాళం చిప్పు పెట్టింది. తన అనుమతి లేని క్యాసెట్లు అందులో నడవవు. 1983 ఫామికామ్‌లో ఆ తాళం లేదు. అందుకే ఆసియాలో, రష్యాలో నకలు చేసినవాళ్లు ఫామికామ్‌ను, దాని 60 పిన్నుల క్యాసెట్‌ను పట్టుకున్నారు. రష్యాలో అది డెండీ అయ్యింది. మన దేశంలో సమురాయ్, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతో వచ్చింది. ‘9999999 ఇన్ 1’ అని రాసి ఉన్న క్యాసెట్లూ వాటితోనే వచ్చాయి. అంకె అంత పెద్దదైనా అందులో ఉండేవి కొన్ని గేములే. అవే గేములు వేరే దశ నుంచి మొదలయ్యేలా చేసి మెనూ నింపేవారు.

మన టీవీలది పాల్ పద్ధతి, సెకనుకు 50 బొమ్మలు. జపాన్‌లో 60. ఫామికామ్ గేములు 60 లెక్కన రాసినవి. పాల్ కోసం చేసిన యంత్రంలో పెడితే ఆట సుమారు ఆరో వంతు నెమ్మదిస్తుంది. మన పిల్లలు ఆడిన మారియో జపాన్ పిల్లల మారియో కంటే నిదానంగా ఎగిరాడన్నమాట.

నకలే కదా అని చాలామంది వీటిని చులకనగా చూస్తారు. నాకది ఒప్పుకోబుద్ధి కాదు. మన మధ్యతరగతి ఇళ్లలో ఎందరో మొదటిసారి ముట్టుకున్న కంప్యూటర్ ఇదే. అసలు ఫామికామ్ గురించి పుస్తకాలున్నాయి. ఈ నకళ్లలో చాలావాటి మీద తయారైన ఏడాది కూడా ఉండదు, ఇంజినీరు పేరూ ఉండదు. పోతే మళ్లీ తెలుసుకోవడానికి దారి ఉండదు.

గన్ను ఎందుకు పేలదు?

ఈమధ్య ఒకామె గేమ్ పెట్టె, ప్లాస్టిక్ తుపాకీ తెచ్చింది.

‘‘అన్నా, గేమ్ మంచిగనే నడుస్తుంది. గన్నే పనిచేస్తలేదు. మా బాబు ఒకటే ఏడుపు.’’

‘‘ఏ టీవీకి పెట్టినవ్ చెల్లె?’’

‘‘ఎల్.ఇ.డి.కి.’’

‘‘అయితే గన్ను ఖరాబ్ కాలేదు. టీవీ మారింది, అంతే.’’

బాతుల్ని కాల్చే ‘డక్ హంట్’ గేములో వాడే ఈ గన్ను నుంచి ఏదీ బయటికి రాదు. గొట్టం లోపల చిన్న భూతద్దం, దాని వెనక వెలుతురును పసిగట్టే సెన్సర్ ఉంటాయి. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడుతుంది. వెంటనే బాతు ఉన్న చోట తెల్లటి చదరం వెలుగుతుంది. ముందు చీకటి, తర్వాత వెలుతురు కనిపిస్తే బాతు పడ్డట్టు. మొదటి నలుపు ఎందుకంటే, బల్బు వైపు గురిపెట్టి మోసం చేయకుండా. రెండు బాతులుంటే చదరాలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. ఏ వంతులో వెలుతురు తగిలిందో చూసి ఏ బాతో తేలుస్తుంది.

ఇదంతా రెప్పపాటులో జరిగిపోవాలి. పిక్చర్ ట్యూబ్ టీవీ సిగ్నల్ అందిన క్షణంలోనే గీస్తుంది. ఎల్.ఇ.డి. టీవీ ఆ బొమ్మను తీసుకుని, సరిచేసుకుని, కాస్త ఆలస్యంగా చూపిస్తుంది. గేము వెతికే క్షణం అప్పటికే దాటిపోతుంది. నా బల్ల మీదున్న పాత 14 అంగుళాల డబ్బా టీవీకి తగిలించి ఇచ్చాను. మొదటి దెబ్బకే బాతు పడింది. గేముతోపాటు ఆ టీవీ కూడా కాపాడుకోవలసిన వస్తువేనని అందుకే అంటాను.

బాగుచేసుకునేవాళ్లకు నాలుగు మాటలు

క్యాసెట్‌ను నోటితో ఊదకండి. ఊదితే పనిచేసినట్టు అనిపించేది దాన్ని తీసి మళ్లీ పెట్టడం వల్ల. నోటి తడికి పిన్నులు కిలుముపడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి. రబ్బరుతో రుద్దితే పూత పోతుంది.

జపాన్ నుంచి తెప్పించిన ఫామికామ్ అడాప్టర్‌ను మన ప్లగ్గులో పెట్టొద్దు. అది 100 వోల్టులకు చేసినది, మన కరెంటు 230. యంత్రానికి కావలసింది 10 వోల్టుల డీసీ, అదీ మధ్య పిన్ను నెగెటివ్‌గా. ఎన్.ఇ.ఎస్. అడాప్టర్ ఇచ్చేది ఏసీ కాబట్టి దాన్ని ఫామికామ్‌కు తగిలిస్తే యంత్రం పాడవుతుంది. ‘లెజెండ్ ఆఫ్ జెల్డా’ లాంటి క్యాసెట్లలో ఆటను గుర్తుపెట్టుకోవడానికి నాణెంలాంటి బ్యాటరీ ఉంటుంది. అది ఎప్పుడో ఒకప్పుడు అయిపోతుంది. తెలిసినవాళ్లతో సోల్డరింగ్ చేయించి మార్పించండి. పిక్చర్ ట్యూబ్ టీవీని మాత్రం మీరే విప్పకండి. ప్లగ్గు పీకేసినా లోపల ప్రాణాంతకమైన వోల్టేజి నిలిచి ఉంటుంది.

ఎవరు దాచాలి?

2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ ఒక అధ్యయనం ప్రచురించింది. 2010కి ముందు అమెరికాలో వచ్చిన గేముల్లో 87 శాతం ఇవాళ కొనుక్కుందామంటే మార్కెట్లో లేవని అందులో తేలింది. ఫామికామ్ మరమ్మతులను నింటెండోయే 2007లో ఆపేసింది, విడిభాగాలు లేక. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ఆటవస్తువుల కోసమే ‘ది స్ట్రాంగ్’ మ్యూజియం ఉంది. నింటెండో 2024 అక్టోబరులో క్యోటో పక్కన ఉజిలో సొంత మ్యూజియం తెరిచింది. అక్కడి చరిత్రను అక్కడివాళ్లు దాచుకుంటున్నారు. మన నకలు పెట్టెలను వాళ్లొచ్చి దాచిపెట్టరు. ఆ పని మనదే.

లక్షల డాలర్ల సీలు డబ్బా మీద నా అభిప్రాయం చెబుతాను. విప్పని డబ్బాలో చిప్పు బతికుందో లేదో కొన్నవాడికీ తెలియదు. గేము ఆడినప్పుడే గేము. పిన్నులు శుభ్రంగా ఉండి, టీవీలో బొమ్మ వచ్చే గీతలు పడ్డ క్యాసెట్టే చరిత్రకు ఎక్కువ పనికొస్తుంది.

అందుకే నాదొక విన్నపం. అటక మీద, మంచం కింద ఉన్న గేమ్ పెట్టెను ఒకసారి దించండి. పెట్టెకు, స్టిక్కర్‌కు, కుదిరితే లోపలి బోర్డుకు ఫొటోలు తీయండి. ఏ ఊళ్లో, ఏ సంవత్సరం, ఎంతకు కొన్నారో కాగితం మీద రాసి పెట్టెలోనే ఉంచండి. మీకు అక్కర్లేకపోతే కబాడీకి వేయకండి. ఎలక్ట్రానిక్స్ నేర్చుకుంటున్న పిల్లలకో, మీ వీధిలో టీవీ మెకానిక్‌కో ఇవ్వండి. బాగుచేయగలిగిన చేతుల్లో పడితే అది ఇంకో తరాన్ని ఆడిస్తుంది.